పెద్ద హాలుకు 60 వేల రూపాయలలో స్పీకర్లు: ఏవి తీసుకుంటే మంచిది?

కాకినాడవాసి:

అందరికీ నమస్కారం. మేము ఈ మధ్యనే కొత్తగా కట్టుకున్న ఇంట్లోకి మారాము. హాలు 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఉంటుంది. స్లాబు 11 అడుగుల ఎత్తులో ఉంది. ఒక పక్కన తలుపు లేని పెద్ద ఆర్చీ గుండా భోజనాల గది కూడా హాలులోనే కలిసిపోతుంది. నేలంతా విట్రిఫైడ్ టైల్స్ పరిపించాము, గోడలకు పుట్టీ పెట్టించి రంగు వేయించాము, వీధి వైపు గోడలో చాలా భాగం కిటికీ అద్దాలే. టీవీని 18 అడుగుల గోడకు బిగించాము. సోఫా దానికి 14 అడుగుల దూరంలో ఉంది, వెనక పూజగది తలుపుకు, నడవడానికి చోటు వదలవలసి వచ్చింది.

పాత ఇంట్లో ఒక చిన్న సౌండ్‌బార్ వాడేవాళ్లం. అక్కడ చక్కగా వినిపించిన ఆ సౌండ్‌బారే ఇక్కడ పీలగా, దూరం నుంచి వస్తున్నట్టుగా వినిపిస్తోంది. మా నాన్నగారికి 70 ఏళ్లు దాటాయి. సినిమాలో మాటలు అర్థం కావడం లేదని ఆయన శబ్దం పెంచమంటారు, పెంచితే మాటల కంటే మోత ఎక్కువవుతోంది. పొద్దున్నే కర్ణాటక కీర్తనలు, సాయంత్రం పాత సినిమా పాటలు, ఆదివారాలు ఒక సినిమా: మా వాడకం ఇంతే.

అన్నీ కలిపి 60 వేల రూపాయలు దాటకూడదని అనుకుంటున్నాను. ఒక షాపులో 1000 వాట్ల 5.1 హోమ్ థియేటర్ ప్యాకేజీ (ఐదు స్పీకర్లు, బేసుకు ఒక పెట్టె) తీసుకోమన్నారు, మరో షాపులో నేల మీద నిలబెట్టే పొడవాటి టవర్ స్పీకర్లు తప్ప వేరేవి ఇంత పెద్ద హాలుకు ఆనవన్నారు. డాలస్‌లో ఉంటున్న మా బావమరిది సంక్రాంతికి వస్తూ అక్కడి నుంచే తెస్తానంటున్నాడు. ఇంత హాలుకు నిజంగా ఎన్ని వాట్లు కావాలి, సౌండ్‌బార్, 5.1, రెండు స్పీకర్ల జత, వీటిలో దేనికి డబ్బు పెట్టడం మేలు అన్నది తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

నాదప్రియ, హైదరాబాద్:

కాకినాడవాసి గారూ, మీరు కొలతలన్నీ ఇచ్చారు కనుక లెక్క కట్టి చెప్పడం సులువైంది. ముందుగా వాట్ల సంగతి చూద్దాం, ఎందుకంటే షాపుల్లో కొనేవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఆ సంఖ్యే.

ప్రతి స్పీకరుకూ సెన్సిటివిటీ అనే కొలత ఉంటుంది. ఒక వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ల శబ్దం వస్తుందో అది చెబుతుంది. అందుబాటు ధరలో దొరికే బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు (బల్ల మీదో స్టాండు మీదో పెట్టే చిన్న స్పీకర్లకు) ఇది సాధారణంగా 85 నుంచి 88 వరకు ఉంటుంది. మనం 86 అనుకుందాం. మీ సోఫా 14 అడుగుల దూరంలో, అంటే సుమారు 4.3 మీటర్ల దూరంలో ఉంది. ఆరుబయట అయితే ఆ దూరానికి 12, 13 డెసిబెళ్లు తగ్గిపోతాయి. గదిలో గోడల నుంచి తిరిగి వచ్చే శబ్దం కూడా తోడవుతుంది కనుక తగ్గుదల 9 డెసిబెళ్ల దగ్గర ఆగుతుందని అనుకోవచ్చు. రెండు స్పీకర్లు కలిసి మోగితే 3 డెసిబెళ్లు పెరుగుతాయి. అంటే ఒక్కొక్క స్పీకరుకు ఒక్క వాటు ఇస్తేనే మీ సోఫా దగ్గర సుమారు 80 డెసిబెళ్లు వస్తాయన్నమాట. ఇద్దరు మనుషులు మీటరు దూరంలో మామూలుగా మాట్లాడుకుంటే 60 డెసిబెళ్లు ఉంటుంది, ఇంట్లో హాయిగా పాటలు వినడానికి 75 చాలు. సంగీతంలో హఠాత్తుగా లేచే మృదంగం దెబ్బకూ, సినిమాలో పేలుడుకూ మరో 15 డెసిబెళ్లు అట్టే పెట్టుకున్నా 90 అవుతుంది. ప్రతి 10 డెసిబెళ్లకూ శక్తి పది రెట్లు కావాలి కనుక దానికి పట్టేది 10 వాట్లు. నిజాయితీగా 50 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్ ఉంటే మీ హాలుకు ఆ పైన కూడా ఇంకా మిగులు ఉంటుంది.

మరి 1000 వాట్లు ఎక్కడి నుంచి వచ్చాయంటే, ఆరు ఛానెళ్ల సంఖ్యలను కూడి, శబ్దం పదోవంతు వికృతమయ్యే దాకా తోసి కొలిచిన లెక్క అది. ఒకప్పుడు పెట్టెల మీద పీఎంపీఓ అని 5000 వాట్లు కూడా ముద్రించేవారు, ఆ కొలతకు ఏ ప్రమాణమూ లేదు. మీరు ఆ షాపుకు మళ్లీ వెళ్తే ప్యాకేజీలోని ప్రధాన పెట్టెను వెనక్కి తిప్పించి, కరెంటు తీగ బయటికి వచ్చే చోట అంటించిన చిన్న చీటీ చదవండి. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అన్న వరుస కిందనే అది ఎన్ని వాట్ల కరెంటు తీసుకుంటుందో రాసి ఉంటుంది. అక్కడ 120 వాట్లని ఉంటే, ఆ పెట్టె అంతకు మించిన శక్తిని స్పీకర్లకు నిలకడగా ఇవ్వలేదు. ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) అని, ఎన్ని ఓమ్‌ల (స్పీకరు నిరోధం) దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో (వికృతితో) అని రాసి ఉన్న సంఖ్యనే లెక్కలోకి తీసుకోండి.

పెద్ద హాలులో అసలు కొరవడేది వాట్లు కాదు, కింది స్వరాలు, అంటే బేసు. భోజనాల గదిని వదిలేసినా మీ హాలు దాదాపు 4750 ఘనపుటడుగులు. చిన్న ఊఫర్ (స్పీకరులో కింది స్వరాలు పలికే భాగం) అంత గాలిని కదిలించలేదు. 80 హెర్ట్జ్ (సెకనుకు 80 కంపనాలు) దగ్గర ఒక ఊఫర్ ఎంత ముందుకూ వెనక్కూ ఆడుతుందో, అదే శబ్దాన్ని 40 హెర్ట్జ్ దగ్గర ఇవ్వాలంటే దానికి నాలుగు రెట్లు ఆడాలి. మూడంగుళాల ఊఫర్లున్న సౌండ్‌బార్ ఆ పని చేయలేక పైస్వరాలను మాత్రమే వినిపిస్తుంది. మీకు పీలగా అనిపించడానికి కారణం ఇదే. పైగా దాని ఎడమ, కుడి స్పీకర్ల మధ్య రెండు, మూడు అడుగులే ఉంటాయి కాబట్టి 14 అడుగుల దూరం నుంచి ఆ రెండూ ఒకే చోటు నుంచి మోగినట్టు ఉంటుంది.

నా సలహా ఇది. 5.1 ప్యాకేజీని వదిలేయండి, ఆ ధరలో ఆరు చిన్న స్పీకర్లు వస్తాయే తప్ప ఒక్క మంచి స్పీకరూ రాదు. ఆరున్నర అంగుళాల ఊఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ జతకు సుమారు 25 వేలు, సబ్‌వూఫర్ (అతి కింది స్వరాలను మాత్రమే పలికే వేరే పెట్టె) కలపడానికి అవుట్ ఉన్న చిన్న స్టీరియో యాంప్లిఫయర్‌కు 12 వేల దాకా, మిగిలినది 10 అంగుళాల సబ్‌వూఫర్‌కు కేటాయించండి. వినిచూడవలసిన జాబితాలో జేబీఎల్ స్టేజ్, పోల్క్, వార్ఫ్‌డేల్ డైమండ్ శ్రేణులను, మన దేశపు సంస్థలలో కోల్‌కతాకు చెందిన సోనోడైన్‌ను పెట్టుకోండి. షాపులో వినేటప్పుడు మీకు బాగా తెలిసిన పాటలే పెట్టించుకోండి. అక్కడి గది చిన్నదిగా, కార్పెట్ పరిచి ఉంటుంది కనుక స్పీకర్లకు ఎదురుగా ఆరడుగుల్లో కూర్చోబెడతారు. వీలైనంత వెనక్కి, గది చివరిదాకా జరిగి వినండి.

ధ్వనిశాస్త్ర విద్యార్థి, విజయవాడ:

పైన నాదప్రియ గారు కట్టిన లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ఆ లెక్క ఎంత శబ్దం వస్తుందో చెబుతుంది గాని, ఆ శబ్దంలో మాట ఎంత స్పష్టంగా ఉంటుందో చెప్పదు. మీ నాన్నగారి ఇబ్బంది రెండో దానితో ముడిపడినది. ఈ విషయాన్ని స్పీకర్లు కొనడానికి ముందే పట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే మీరు వర్ణించిన హాలులో లక్ష రూపాయల స్పీకరు పెట్టినా ఆయన ఫిర్యాదు తీరదు.

సోఫా దగ్గర నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగిన తరువాత కూడా గాలిలో ఒక సన్నని మోత సాగుతూ ఉంటే, అదే మాటలను మింగేస్తోంది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో అధ్యాపకుల మాటలు విద్యార్థులకు అర్థం కాకపోతే, వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి ఆ పని అప్పగించారు. ఆయన రాత్రివేళల్లో దగ్గరలోని సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి పరుస్తూ, ప్రతిసారీ మోత ఎంతసేపట్లో అణగుతోందో కొలిచాడు. ఆ శ్రమ నుంచి పుట్టిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, గదిలోని వస్తువులు పీల్చుకునే మొత్తంతో (దీన్ని చదరపు మీటర్లలో లెక్కిస్తారు) భాగిస్తే, శబ్దం 60 డెసిబెళ్లు తగ్గడానికి పట్టే కాలం సెకన్లలో వస్తుంది.

మీ హాలు సుమారు 135 ఘనపు మీటర్లు. టైల్సు, పుట్టీ గోడలు, అద్దాలు తమ మీద పడిన శబ్దంలో రెండు, మూడు శాతం మాత్రమే పీల్చుకుంటాయి, మిగిలినదంతా వెనక్కి కొడతాయి. సామాను ఏదీ లేకపోతే ఆ హాలులో మోత నాలుగు సెకన్లు దాటుతుంది. సోఫాలు, మనుషులు, తెరిచి ఉన్న ఆర్చీ కలిసి దాన్ని ఇప్పుడు ఒకటిన్నర సెకన్ల దగ్గరికి తెచ్చి ఉంటాయని నా అంచనా. ఇంట్లో మాటలకూ సంగీతానికీ అర సెకను దరిదాపుల్లో ఉంటే బాగుంటుంది. ఒకటిన్నర సెకన్ల మోత ఉన్న గదిలో స్పీకరుకు సుమారు మీటరు దాటి కూర్చుంటే చాలు, నేరుగా చెవికి చేరే శబ్దం కంటే గోడలకు తగిలి వచ్చే శబ్దమే ఎక్కువవుతుంది. మీరు కూర్చుంటున్నది నాలుగు మీటర్లకు పైగా దూరంలో.

మాటలో అచ్చుల బలం ఎక్కువ, హల్లుల బలం తక్కువ. ముందు పలికిన అచ్చు మోత అణగకముందే తరువాతి హల్లు వచ్చి దానిలో మునిగిపోతుంది. వయసు మీద పడినవారికి మొదట తగ్గేది పైస్వరాలను వినే శక్తే, చ, స, త వంటి హల్లుల ఆనవాళ్లు ఆ పైస్వరాల్లోనే ఉంటాయి. శబ్దం పెంచితే అచ్చు, హల్లు, మోత మూడూ ఒకే పాళ్లలో పెరుగుతాయి కాబట్టి స్పష్టత ఏమీ మెరుగవదు. నాన్నగారు పెంచమంటున్నదీ, పెంచిన తరువాత కూడా అసంతృప్తిగా ఉంటున్నదీ ఇందువల్లనే.

ఖర్చు లేని పని ముందు చేయండి. సోఫాను 14 అడుగుల నుంచి 10 అడుగులకు జరిపితే నేరుగా వచ్చే శబ్దం దాదాపు 3 డెసిబెళ్లు పెరుగుతుంది. యాంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేస్తే వచ్చేది కూడా ఆ 3 డెసిబెళ్లే, పైగా యాంప్లిఫయర్ పెంచితే గది మోత కూడా పెరుగుతుంది, సోఫా జరిపితే పెరగదు. ఆ తరువాత అద్దాల కిటికీలకు మందపాటి పరదాలు వేయించండి. కిటికీ వెడల్పుకు రెట్టింపు గుడ్డ తీసుకుని కుచ్చులు వచ్చేలా కుట్టించి, అద్దానికి నాలుగైదు అంగుళాల ఎడంగా కడ్డీ వేయించాలి. 12 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న పరదా నాలుగు చదరపు మీటర్ల దాకా పీలుస్తుంది. సోఫాకూ టీవీకీ మధ్య 9 అడుగులు, 12 అడుగుల మందపాటి తివాచీ పరిస్తే మరో మూడు. వెనక గోడకు 2 అడుగులు, 4 అడుగుల చెక్క చట్రాల్లో రెండంగుళాల రాక్‌వూల్ పలక పెట్టించి, మీకు నచ్చిన చేనేత గుడ్డ బిగించి నాలుగు వేలాడదీస్తే ఇంకో రెండున్నర. ఈ మూడూ కలిసి మోతను ఒకటిన్నర సెకన్ల నుంచి 0.9 దగ్గరికి దింపుతాయి. చట్రాలను వడ్రంగి ఒక పూటలో చేసి ఇవ్వగలడు. కోడిగుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం ఆగుతుందని చాలామంది చెబుతారు, వాటి వల్ల ప్రయోజనం నామమాత్రం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. పరదాలు, తివాచీలు పైస్వరాల మోతనే తగ్గిస్తాయి, కింది స్వరాల మీద వాటి ప్రభావం లేదు. మీ హాలు పొడవును బట్టి 23, 24 హెర్ట్జ్ దగ్గర, వెడల్పును బట్టి 31 హెర్ట్జ్ దగ్గర, ఎత్తును బట్టి 51 హెర్ట్జ్ దగ్గర గాలి నిలువుటలలుగా ఊగుతుంది. అందువల్ల ఒక చోట బేసు ఎక్కువగా, మరో చోట తక్కువగా వినిపిస్తుంది కనుక, సబ్‌వూఫర్ కొంటే దాన్ని ఎక్కడ పెడతారన్నది దాని ధర కంటే ముఖ్యమవుతుంది.

ఓరుగల్లు శ్రోత:

గది గురించి విజయవాడ మిత్రులు రాసింది అక్షరాలా నిజం. సబ్‌వూఫర్ గురించి మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. ప్రశ్న అడిగినవారు వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, పాత పాటలు. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి మంద్ర షడ్జం సుమారు 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, కచేరీలో 50 హెర్ట్జ్‌కు దిగువన సంగీతం దాదాపు ఉండదు. ఘంటసాల గారి కాలపు పాటలు మోనోలో రికార్డు చేసినవి, వాటిలో లోతైన కింది స్వరాలే లేవు. 20, 30 హెర్ట్జ్ దాకా దిగవలసిన అవసరం ఆదివారం సినిమాకు మాత్రమే. వారానికి ఒక్కరోజు కోసం బడ్జెట్‌లో మూడోవంతు పెట్టడం కంటే, నిజాయితీగా 45 హెర్ట్జ్ దాకా వెళ్లే టవర్ల జత తీసుకుంటే ప్రతిరోజూ ఉపయోగపడుతుంది. బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు స్టాండ్లు కావాలి, టవర్లకు అక్కర్లేదు. సబ్‌వూఫర్‌కు వేరే ప్లగ్గు, వేరే తీగ, వేరే సర్దుబాటు కావాలి, నాన్నగారు ఒక్కరే ఇంట్లో ఉన్నప్పుడు ఇవన్నీ ఇబ్బందే.

టవరు అనగానే బేసు ఎక్కువ వస్తుందని కూడా అనుకోకూడదు. ఒకే రకం ఊఫర్‌ను పెద్ద పెట్టెలో పెడితే కాస్త కిందికి దిగుతుంది, అంతే. ఊఫర్ చిన్నదైతే పెట్టె నాలుగడుగులున్నా లాభం లేదు. ఆరున్నర అంగుళాలవి రెండు, లేదా ఎనిమిది అంగుళాలది ఒకటి ఉన్నవి చూడండి.

హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో అసెంబుల్డ్ టవర్లు తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిలో మంచివీ ఉంటాయి, పైపై మెరుగులవీ ఉంటాయి. పెట్టెను పిడికిలితో తట్టినప్పుడు డొల్లగా మోగితే వద్దనండి. వెనక తీగలు బిగించే ప్లేటుకు నాలుగు స్క్రూలు ఉంటాయి, వాటిని విప్పించి టార్చి వేసి లోపలికి చూడండి. రాగితీగ చుట్టిన కాయిళ్లు, కెపాసిటర్లు ఉన్న క్రాసోవర్ బోర్డు (పైస్వరాలనూ కింది స్వరాలనూ విడదీసి పంపేది) కనిపించాలి. పైస్వరాలు పలికే ట్వీటర్ తీగకు ఒకే ఒక్క కెపాసిటర్ అతికించి, ఊఫర్‌కు నేరుగా తీగ లాగేసి ఉంటే ఆ స్పీకరులో గొంతు ఎప్పుడూ సహజంగా వినిపించదు. విప్పడానికి షాపువారు ఒప్పుకోకపోతే అక్కడ కొనకపోవడమే మేలు.

డాలస్ తెలుగువాడు:

బావమరిది గారితో తెప్పించుకునే విషయం వరకే రాస్తాను. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, అక్కడ 230. యాంప్లిఫయర్ గాని, లోపలే యాంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్ గాని, సౌండ్‌బార్ గాని ఇక్కడ కొంటే, వెనక ప్లేటు మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటేనో, వోల్టేజీ మార్చే స్విచ్చు ఉంటేనో తప్ప అక్కడ నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు, పెడితే కాలిపోతుంది. వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడేవారు ఉన్నారు గాని, దాని బరువు, ఖర్చు, గుయ్యిమనే చప్పుడు కలిపి చూస్తే గిట్టుబాటు కాదు. కరెంటుతో పని లేని మామూలు స్పీకర్లకు ఈ చిక్కు లేదు. పండుగల ముందు తగ్గింపు ధరల్లో మంచి బుక్‌షెల్ఫ్ జతలు ఇక్కడ దొరుకుతాయి. ఎకానమీ టికెట్ మీద పెట్టె ఒక్కటి 23 కిలోలు దాటకూడదు, ఆరున్నర అంగుళాల జత ఒక పెట్టెలో పట్టవచ్చు గాని మిగతా సామానుకు చోటు ఉండదు. టవర్ల ఆలోచన పెట్టుకోవద్దు. ఇక్కడ కొన్నవాటికి ఇచ్చే వారంటీ చాలా సంస్థల విషయంలో ఇండియాలో చెల్లదని కూడా గుర్తుంచుకోండి. దారిలో ఊఫర్ దెబ్బతింటే బాగుచేయించే బాధ్యత మీ మీదే పడుతుంది.

కాకినాడవాసి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చప్పట్ల పరీక్ష చేసి చూశాము. మోత స్పష్టంగా సాగుతోంది, ఆర్చీ వైపు నిలబడితే ఇంకా ఎక్కువ. సోఫాను పదిన్నర అడుగులకు జరిపాము, పూజగదికి వెళ్లే దారి ఇప్పుడు సోఫా వెనక ఇంకా విశాలమైంది కనుక ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పాత సౌండ్‌బారుతోనే మాటలు కొంత మెరుగ్గా వినబడుతున్నాయని నాన్నగారు అన్నారు. పరదాలకు కొలతలు ఇచ్చాము, తివాచీ కూడా తీసుకుంటాము, చట్రాల సంగతి ఆ తరువాత చూస్తాము.

బావమరిదిని శ్రమపెట్టకుండా ఇక్కడే కొనాలని నిశ్చయించుకున్నాను. పరదాలకు, తివాచీకి కొంత పోతుంది కాబట్టి ముందు ఆరున్నర అంగుళాల బుక్‌షెల్ఫ్ జత, యాంప్లిఫయర్ కొని, సబ్‌వూఫర్ అవసరమో కాదో కొన్నాళ్లు విన్నాక తేల్చుకుందామని అనుకుంటున్నాను. ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. స్పీకర్లను గోడకు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో పెట్టాలి? తీగ ఖరీదైనది తీసుకోవాలా? మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఉప్పుగాలికి సామాను త్వరగా పాడవుతుంది. కొనేటప్పుడు దీనికోసం ఏమైనా చూడాలా?

నాదప్రియ, హైదరాబాద్:

సబ్‌వూఫర్‌ను వాయిదా వేయడం మంచి నిర్ణయం. ఓరుగల్లు మిత్రుల వాదనలో బలం ఉంది, మీ వాడకానికి అది వెంటనే అవసరం పడకపోవచ్చు. యాంప్లిఫయర్‌కు సబ్‌వూఫర్ అవుట్ మాత్రం తప్పక ఉండేలా చూసుకోండి.

సోఫాలో కూర్చున్నప్పుడు చెవి నేల నుంచి మూడు, మూడుంపావు అడుగుల ఎత్తులో ఉంటుంది, ట్వీటర్ ఆ ఎత్తులోనే ఉండాలి. టీవీ కింది బల్ల మీద పెడితే శబ్దం మోకాళ్ల వైపు వెళ్తుంది కాబట్టి వడ్రంగి చేత రెండు బరువైన స్టాండ్లు చేయించండి. రెండు స్పీకర్ల మధ్య ఎడం ఎనిమిది, తొమ్మిది అడుగులు ఉంచి, రెండింటినీ కొద్దిగా లోపలికి, సోఫా వైపు తిప్పండి. అలా తిప్పితే పక్కగోడలకు, అద్దాలకు తగిలే శబ్దం తగ్గి నేరుగా చెవికి వచ్చేది పెరుగుతుంది, నాన్నగారికి మాటలు తేటపడేది ఇందువల్లనే. బేసు గాలి బయటికి వచ్చే పోర్టు రంధ్రం వెనక ఉన్న స్పీకర్లయితే గోడకు ఒకటిన్నర అడుగు ఎడంగా మొదలుపెట్టి, బేసు బొంయిమంటే ముందుకు, పీలగా ఉంటే వెనక్కి నాలుగేసి వేళ్ల చొప్పున జరుపుతూ వినండి. మూలల్లో మాత్రం పెట్టకండి.

తీగకు ఎక్కువ ఖర్చు పెట్టనక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు చాలు. స్పీకరు పది మీటర్ల దూరంలో ఉన్నా రానూపోనూ కలిపి దాని నిరోధం సుమారు పావు ఓమే, 8 ఓమ్‌ల స్పీకరుకు అది లెక్కలోది కాదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కాకుండా చూసుకోండి. ప్లస్, మైనస్‌లు రెండు స్పీకర్లకూ ఒకేలా కలపాలి. ఒకదానికి తారుమారైతే బేసు మాయమై గొంతు గదిలో ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు.

ఉప్పుగాలి గురించి అడగడం బాగుంది. ఊఫర్ అంచు చుట్టూ ఉండే మెత్తని వలయాన్ని వేలితో తాకి చూడండి. అది రబ్బరుదై ఉండాలి. ఫోమ్ వలయాలు తేమకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతాయి. వెనక తీగలు బిగించే మరలు పూత ఉన్నవి తీసుకుని, వానాకాలం తరువాత ఒకసారి వదులు చేసి తుడిచి మళ్లీ బిగించండి. పెట్టె చెక్కపొడి పలకదైతే అంచులు ఎక్కడా తెరిచి లేకుండా చూడండి, నేల తుడిచే నీళ్లు తగలకుండా ఉండడానికి కూడా స్టాండ్లే రక్ష.

టీవీ నుంచి యాంప్లిఫయర్‌కు ఆప్టికల్ తీగ గాని హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ గాని కలిపాక, టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎంకు (మామూలు స్టీరియో సంకేతానికి) మార్చండి. అది డాల్బీలో (సినిమా సరౌండ్ సంకేతంలో) ఉండిపోతే స్టీరియో యాంప్లిఫయర్ నుంచి శబ్దమే రాదు, చాలామంది యాంప్లిఫయర్ పాడైందని షాపుకు తీసుకెళ్లేది ఇందుకే. తరువాత ఎప్పుడైనా సబ్‌వూఫర్ తెస్తే దాన్ని ముందు సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేసు ఉన్న పాట మోగిస్తూ గది అంచుల వెంబడి వంగి నడవండి. ఎక్కడ బేసు నిండుగా, గుమ్మనకుండా వినిపిస్తే దాన్ని అక్కడికి మార్చి, క్రాసోవర్ మీటను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి.